ఆస్టిన్‌లో సొంత పెరట్లో చెట్టు కొట్టించాలన్నా పర్మిట్ కావాలా?

హ్యూస్టన్‌లో ఉన్న మీ బావగారు పెరట్లో చెట్టును ఎవరినీ అడక్కుండా కొట్టించారని, ఆస్టిన్‌లో మీ ఓక్ చెట్టును కూడా అలాగే తీసేయొచ్చా అని అడిగారు. తీసేయకండి, ముందు కొలవండి.

మనకు అలవాటైంది రాష్ట్ర చట్టం. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమే. ఇక్కడ టెక్సస్‌లో ఏ ఊరి రూల్ ఆ ఊరిదే. హ్యూస్టన్ రూల్స్ ఎక్కువగా రోడ్డు పక్క సిటీ స్థలంలో ఉన్న చెట్ల గురించి, ఇంటి పెరడు జోలికి పెద్దగా రావు. ఆస్టిన్ మాత్రం పెరట్లోకీ వస్తుంది.

నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కాండం చుట్టూ టేపు పెట్టండి. చుట్టుకొలత 60 అంగుళాలు వస్తే వ్యాసం సుమారు 19 అంగుళాలు. అక్కడి నుంచి అది ప్రొటెక్టెడ్ చెట్టు, పర్మిట్ తప్పదు. చుట్టుకొలత 75 దాటితే వ్యాసం 24 అంగుళాలు. ఓక్, పెకాన్, సీడర్ ఎల్మ్ లాంటి జాతులకు అక్కడి నుంచి హెరిటేజ్ హోదా, రూల్స్ ఇంకా గట్టివి.

మాది సీడర్ ఎల్మ్, చుట్టుకొలత 63 అంగుళాలు. పాటియో, అంటే ఇంటి వెనక కాంక్రీటు చప్టా, పెంచుదామని అనుకున్నాం. "మీ స్థలం, మీ చెట్టు, ఎవరడుగుతారు?" అన్నాడు కాంట్రాక్టర్. నేను వినకుండా అప్లికేషన్ పెట్టాను. చెట్టు బాగానే ఉంది, పాటియో కోసమంటే పర్మిట్ ఇవ్వం అన్నారు సిటీవాళ్లు. చెట్టు చచ్చిపోయిందనో, రోగం పట్టిందనో, ఎప్పుడు పడుతుందో తెలియదనో, దానివల్ల స్థలం వాడుకోవడమే కుదరట్లేదనో చూపించాలి.

చాలామంది పట్టించుకోనిది వేర్ల సంగతి. వ్యాసం ఎన్ని అంగుళాలో, కాండం నుంచి అన్ని అడుగుల దాకా వేర్ల జోన్ కింద లెక్క. మా 20 అంగుళాల చెట్టుకు చుట్టూ 20 అడుగులు, అంటే పెరడు సగం పోయినట్టే! అందులో తవ్వాలన్నా కాంక్రీటు పోయాలన్నా అడగాల్సిందే. కొమ్మలు నాలుగో వంతుకు మించి కొట్టాలన్నా అంతే. చివరికి స్లాబ్ మానేసి, పెద్ద వేర్లు తప్పించి గుంతలు చేత్తో తవ్వించి, చెక్క డెక్ వేయించాం. నిజం చెప్పాలంటే జులై ఎండల్లో ఆ నీడే మాకు దిక్కు.

ఇంకొకటి, మీ అడ్రసులో ఆస్టిన్ అని ఉన్నంత మాత్రాన మీరు సిటీ పరిధిలో ఉన్నట్టు కాదు. పక్క ఊళ్లు సీడర్ పార్క్, రౌండ్ రాక్‌లకు సొంత రూల్స్ ఉన్నాయి. టాక్స్ బిల్లు చూసి కూడా తేల్చుకోకండి. లిమిటెడ్ పర్పస్ అని కొన్ని ప్రాంతాలున్నాయి, అక్కడ సిటీ ప్రాపర్టీ టాక్స్ ఉండదు గానీ కట్టడాల రూల్స్ వర్తిస్తాయి. సిటీ వెబ్‌సైట్‌లో జూరిస్‌డిక్షన్ మ్యాప్ ఉంది, అందులో మీ అడ్రసు కొట్టి చూడండి. హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్ల అనుమతి వేరే.

మీది ఓక్ కాబట్టి, పర్మిట్ వచ్చినా రాకపోయినా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొమ్మలు నరికించకండి. ఓక్ విల్ట్ అనే తెగులును పురుగులు తాజా గాయాల మీదకు మోసుకొచ్చే కాలం అది. తప్పనిసరై నరికితే ఆ కోతకు వెంటనే పెయింట్ వేయించండి. ఈ తెగులు వేర్ల ద్వారా పక్కింటి ఓక్‌కు కూడా పాకుతుంది.