ఒక నల్లజాతి బాలిక ప్రైవేటు చదువుకు 60 వేల డాలర్లు: ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: మేము జార్జియాలోని ఆల్ఫారెటాలో ఉంటున్నాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. కలిపి ఏడాదికి 3,10,000 డాలర్లు వస్తాయి. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. శనివారాల్లో నైరుతి అట్లాంటాలోని ఒక గ్రంథాలయంలో పిల్లలకు లెక్కలు చెబుతుంటాం. అక్కడికి వచ్చే ఒక నల్లజాతి అమ్మాయికి ప్రైవేటు పాఠశాలలో ఆరో తరగతి సీటు వచ్చింది. ఫీజులో ఎక్కువ భాగం పాఠశాలే భరిస్తుందట కానీ, ఏటా మిగిలే 7,500 డాలర్లు కట్టలేమని తల్లి వెనకాడుతోంది. మా దగ్గర 60 వేల డాలర్ల విలువైన షేర్లున్నాయి. నాలుగేళ్ల కిందట వాటి విలువ 20 వేలు. మా నాన్నగారి పేరిట నల్లజాతి పిల్లలకు మాత్రమే శాశ్వత స్కాలర్‌షిప్ పెట్టాలా, ఈ అమ్మాయికే కట్టాలా?

జవాబు: శాశ్వత నిధి పెట్టవద్దనే నా సలహా. 60 వేల డాలర్ల అసలును ముట్టకుండా ఏటా 4 శాతం చొప్పున తీస్తే చేతికొచ్చేది 2,400 డాలర్లు. అట్లాంటాలో పేరున్న ప్రైవేటు పాఠశాలల వార్షిక ఫీజు 30 వేల డాలర్లు దాటిన ఈ రోజుల్లో, ఆ మొత్తంతో ఈ అమ్మాయికి పడుతున్న లోటులో మూడో వంతు కూడా పూడదు. అదే డబ్బును ఏడేళ్లలో ఖర్చు పెట్టేస్తే ఏటా దాదాపు 8,500 డాలర్లు అవుతుంది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఒక బిడ్డ చదువు నిలబడుతుంది.

ఏడేళ్లన్న మాట మీద ఇంత పట్టు పట్టడానికి కారణముంది. సీటు ఇప్పించడం ఒక ఎత్తు, ఆ సీటులో బిడ్డను చివరిదాకా నిలబెట్టడం మరో ఎత్తు. న్యూయార్క్‌లో 1978లో మొదలైన ప్రెప్ ఫర్ ప్రెప్ సంస్థ పిల్లలను ప్రైవేటు పాఠశాలల్లో చేర్చడానికి ముందే రెండు వేసవులూ, నడుమనున్న విద్యా సంవత్సరమంతా చదివించి సిద్ధం చేస్తుంది, చేరిన తరువాతా వెన్నంటి ఉంటుంది. డబ్బు ఇచ్చేవాళ్లు కూడా అదే ఓపికతో ఉండాలి. ఫీజు రాయితీలో చేరని ఖర్చులు చాలా ఉంటాయి. నైరుతి అట్లాంటా నుంచి నగరం ఉత్తరాన ఉన్న పాఠశాలకు అట్లాంటా ప్రజారవాణా సంస్థ మార్టా బస్సులో, రైలులో వెళ్లి రావాలంటే పూర్తి ఛార్జీ ఒక్కో వైపు 2.50 డాలర్లు, బడి నడిచే 170 రోజులకు 850 డాలర్లు. ల్యాప్‌టాప్, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, తరగతి మొత్తం వెళ్లే విహారయాత్ర దీనికి అదనం. తరగతిలో అందరూ వెళ్లిన యాత్రకు తానొక్కతే వెళ్లలేకపోయిన పిల్లకు ఆ బడి తనదని ఎలా అనిపిస్తుంది? అందుకే 7,500తో లెక్క ముగించకండి, దాని మీద మరో 1,500 వేసుకోండి.

ఇక "నల్లజాతి పిల్లలకు మాత్రమే" అన్న షరతు. మీ ఉద్దేశం న్యాయమైనదే. 1963లో అట్లాంటాలోని లవెట్ పాఠశాల మార్టిన్ లూథర్ కింగ్ కుమారుడికే ప్రవేశం నిరాకరించింది. ప్రైవేటు పాఠశాలలు జాతి కారణంగా పిల్లలను తిరస్కరించరాదని 1976లో రన్యన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దానికి ఆధారం 1866 నాటి పౌరహక్కుల చట్టం. నాకు బాధ కలిగించేదేమిటంటే, అట్లాంటాకే చెందిన పెట్టుబడి సంస్థ ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళల వ్యాపారాలకు మాత్రమే ఇస్తున్న గ్రాంట్లను 2024 జూన్‌లో అప్పీళ్ల కోర్టు నిలిపివేసిందీ అదే చట్టం కింద. జార్జియా ఆ కోర్టు పరిధిలోనిదే. కాబట్టి షరతును జాతి పేరుతో రాయకండి. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా నివసించే ప్రాంతాల్లో పనిచేసే సంస్థను ఎంచుకుని, కుటుంబ ఆదాయం, నివాస ప్రాంతం, కుటుంబంలో తొలి తరం కళాశాల చదువు వంటి ప్రమాణాలతో ఇవ్వండి. పత్రం మీద సంతకం చేసే ముందు న్యాయవాదికి చూపించండి.

ఈ అమ్మాయి ఫీజును మాత్రం తల్లి చేతికి ఇవ్వకుండా నేరుగా పాఠశాలకే కట్టండి. అలా కట్టిన ఫీజుకు గిఫ్ట్ ట్యాక్స్ (బహుమతులపై ఇచ్చేవారికి పడే ఫెడరల్ పన్ను) పరిమితి వర్తించదు. అయితే ఫలానా పిల్లకని ఇచ్చినది కాబట్టి మీకు ఆదాయపన్ను మినహాయింపు రాదు. బస్సుకూ ల్యాప్‌టాప్‌కూ ఇచ్చేది మామూలు బహుమతి కిందికి వస్తుంది, 2026లో ఒక్కొక్కరు ఒకరికి 19 వేల డాలర్ల దాకా ఇవ్వవచ్చు కనుక ఇబ్బంది లేదు. ఈ ఖర్చును నెలకు 750 డాలర్ల చొప్పున జీతంలోంచే తీయండి.

షేర్లను వేరుగా, మరికొందరు పిల్లల కోసం వాడండి. వాటిని అమ్మితే 40 వేల లాభం మీద ఫెడరల్ పన్ను 15 శాతం, మీ ఆదాయానికి వర్తించే 3.8 శాతం అదనపు పన్ను కలిపి 7,520 డాలర్లు పోతుంది, ఆపైన జార్జియా పన్ను. అమ్మకుండా డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌కు (ఒకసారి దానంగా వేసిన సొమ్మును మీ సూచన మేరకు సేవాసంస్థలకు పంపే ఖాతాకు) బదిలీ చేస్తే ఆ పన్ను ఉండదు, 60 వేలకూ మినహాయింపు కోరవచ్చు. మీ ఆదాయంలో 30 శాతం, అంటే 93 వేల పరిమితి లోపలే ఉన్నారు. 2026 నుంచి ఆదాయంలో తొలి 0.5 శాతానికి, మీ విషయంలో 1,550 డాలర్లకు, మినహాయింపు లేదు. ఏటా కొంచెం కొంచెం ఇస్తే ఆ కోత ప్రతి ఏడూ పడుతుంది కనుక ఫండ్‌లో ఒకేసారి వేసి, అక్కడి నుంచి ఏడేళ్ల పాటు ఏదైనా పాఠశాల సహాయనిధికో, విద్యార్థులకు తోడుండే సంస్థకో పంపండి. ఈ ఫండ్ డబ్బుతో ఈ అమ్మాయి ఫీజు కట్టడం కుదరదు.

జార్జియా ట్యాక్స్ క్రెడిట్ పథకాన్నీ వదులుకోవద్దు. గుర్తింపు పొందిన స్కాలర్‌షిప్ సంస్థకు దంపతులు 5 వేల డాలర్ల దాకా ఇస్తే రాష్ట్ర పన్నులో అంతే తగ్గుతుంది. ముందుగా రెవెన్యూ శాఖ అనుమతి తీసుకుని, 60 రోజుల్లోగా చెల్లించాలి. జనవరిలోనే దరఖాస్తు పెట్టడం మేలు. పిల్ల పేరు చెప్పకూడదు. ఈ చట్టం ఆర్థిక అవసరాన్ని చూడమంటుందే తప్ప కుటుంబ ఆదాయానికి గట్టి పరిమితి పెట్టకపోవడం నాకు నచ్చని సంగతి. అందుకే మీరే ఆ సంస్థను అడిగి, తక్కువ ఆదాయ కుటుంబాలకు ఎంత చేరుతోందో తెలుసుకున్నాకే ఇవ్వండి.

గ్రీన్‌కార్డు రాలేదన్నారు కాబట్టి, ఉద్యోగాలు పోయినా ఆ అమ్మాయి చదువు ఆగకుండా, మాట ఇవ్వడానికి ముందే రెండేళ్లకు సరిపడా 18 వేల డాలర్లు వేరే పొదుపు ఖాతాలో ఉంచండి. ఆ మొత్తం సమకూరకపోతే షేర్ల దానాన్ని ఏడాది వాయిదా వేయండి. అమ్మాయిని మాత్రం వాయిదా వేయకండి. తల్లికి ఏదైనా చెప్పే ముందు ఆమె అనుమతితో పాఠశాల ఆర్థిక సహాయ విభాగంతో మాట్లాడి, బయటివారు ఫీజు కడితే వచ్చే ఏడాది రాయితీ తగ్గిస్తారా అన్న ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.