బెట్ట వేరు, కరువు వేరు

సందేహం: "వర్షపాతం సాధారణమే" అని ఒక వాక్యం, దాని కిందే "కరువుతో పైర్లు ఎండిపోయాయి" అని ఇంకో వాక్యం చదివాను. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? కరువు, అనావృష్టి, వర్షాభావం, బెట్ట అన్నీ ఒకటేనా?

సమాధానం: ఒకటి కావండీ. ఆ రెండో వాక్యంలో రావాల్సిన మాట బెట్ట.

వానలు మొదలై పైరు లేచాక, మధ్యలో వారాల తరబడి చినుకు లేకుండా ఎండ కాస్తే దాన్ని రైతులు బెట్ట అంటారు, వరపు అన్నా అదే. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా "బెట్టను తట్టుకునే రకం" అనే అంటారు. అనావృష్టి అనేది వానాకాలం మొత్తానికి సంబంధించింది, పంటలకు వచ్చే కష్టాలుగా పాతవాళ్లు లెక్కపెట్టిన ఆరు ఈతిబాధల్లో అతివృష్టి పక్కనే ఉంటుంది. అభావం అంటే అసలు లేకపోవడం కాబట్టి, ఎంతో కొంత కురిసిన చోట వర్షాభావం అనడం నాకు నచ్చదు, "వాన తక్కువైంది" అంటే సరిపోతుంది.

ఇక కరువు. నిద్ర కరువైంది, పని కరువైంది అంటాం కదా, అంటే ఇది లేమిని చెప్పే మాట, వానకే పరిమితం కాదు. 1876–78 నాటి ధాత కరువును జనం ఏడాది పేరుతో గుర్తుపెట్టుకున్నది తిండి లేక లక్షల ప్రాణాలు పోయినందుకు. ఇప్పుడు దానికి సర్కారు అర్థం కూడా ఉంది: కరువు మండలంగా ప్రకటిస్తేనే పంట రుణాల గడువు పెంపు, పంట నష్టపోయిన రైతుకిచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ లాంటివి కదులుతాయి. అందుకే ఈ మాటను ఎక్కడ పడితే అక్కడ వాడకూడదని గట్టిగా చెబుతాను.

వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఈ తేడా మరీ అవసరమవుతోంది, ఎందుకంటే కురిస్తే ఒక్కసారే కుండపోత, లేదంటే రోజుల తరబడి ఎండ. 2023నే చూడండి, దేశం మొత్తం మీద జులైలో సాధారణం కన్నా 13 శాతం ఎక్కువ కురిసింది, ఆగస్టులో 36 శాతం తక్కువ, 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేనే లేదు. అయినా నాలుగు నెలల వానాకాలం లెక్క తేల్చేసరికి సాధారణంలో 94 శాతం! ఆ సగటులో ఆగస్టు బెట్ట ఎక్కడా కనిపించదు. మొలక మాడిపోతే రైతు మళ్లీ విత్తనం కొనాలి, దానికి మళ్లీ అప్పు, కలుపు తీసే కూలీలకు పని ఉండదు, కొన్నాళ్లకు బజారులో ధరలు పెరుగుతాయి. బెట్ట కరువుగా మారేది ఇలాగే.

కాబట్టి మీరు చదివిన దాన్ని "వర్షపాతం సాధారణమే అయినా, పూత దశలో వచ్చిన బెట్టకు పైర్లు ఎండిపోయాయి" అని రాస్తే రెండు వాక్యాలకూ పేచీ ఉండదు.