బ్రేకు ఎవరు తొక్కారు?

పోయిన సంచికలో కొత్త బండ్లలో వస్తున్న ఆటోమేటిక్ బ్రేకులు (ముందు ఏదైనా అడ్డొస్తే బండి తనే వేసేవి), లేన్ అసిస్ట్ (బండి గీత దాటకుండా చూసేది) లాంటి వాటి మీద డౌట్లుంటే పంపండి అన్నాం. డౌట్లకన్నా తిట్లు ఎక్కువొచ్చాయి. ఆ తిట్లలో చాలావరకు న్యాయమే ఉంది కాబట్టి కొన్నిటిని ఏరి జవాబులు రాస్తున్నాను, పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: ఎన్నో ఏళ్ళుగా కారు నడుపుతున్నాను, ఇప్పటిదాకా ఎవర్నీ గుద్దింది లేదు. మొన్నామధ్య కొత్త కారు తీసుకున్నా. ఖాళీ రోడ్డు మీద, ముందు పిట్ట కూడా లేనిచోట, బండి తనంతట తనే సడన్ బ్రేకు వేసేసింది. వెనకాలే బస్సు. ఆ డ్రైవరు కాస్త ఏమరుపాటుగా ఉన్నాడంటే నా పని అయిపోయేది. అప్పట్నుంచి బండెక్కగానే నా మొదటి పని దాన్ని ఆఫ్ చేయడం. ఇది తప్పా?

జవాబు: భయపడటం తప్పని ఎలా అంటానండీ, నా కాలు పెట్టకుండా నా బండి ఆగితే నాకూ గుండె జారిపోతుంది. ఇది మీ ఒక్కరికే జరిగింది కూడా కాదు, దీన్ని ఫాంటమ్ బ్రేకింగ్ అంటారు. అమెరికాలో బండ్ల భద్రత చూసే నిట్సా అనే ప్రభుత్వ సంస్థ 2022 ఫిబ్రవరిలో టెస్లా, హోండా కార్ల మీద సరిగ్గా ఇలాంటి ఫిర్యాదులే వందల్లో రావడంతో విచారణ మొదలుపెట్టింది. కాబట్టి సర్వీస్ సెంటర్లో ఎవరైనా "అబ్బే, అలా జరగదు సార్, మీరే తొక్కుంటారు" అంటే నమ్మకండి.

ఎందుకు జరుగుతుందంటే, చాలా కార్లలో లోపలి అద్దం వెనక ఒక కెమెరా, ముందు బంపర్లోనో లోగో వెనకో ఒక రాడార్ ఉంటాయి. రాడార్‌కి దూరమూ వేగమూ బాగా తెలుస్తాయి గానీ ఎదురుగా ఉన్నది ఏంటో సరిగ్గా తెలీదు. కెమెరాకి అది ఏంటో తెలుస్తుంది గానీ సాయంత్రం ఎండ నేరుగా కొడితే మనలాగే దానికీ కళ్ళు బైర్లు కమ్ముతాయి. రోడ్డు మీద పరిచిన ఇనప రేకు, వంపులో సరిగ్గా మీ ఎదురుగా కనిపించేలా పార్క్ చేసిన బండి, వంతెన నీడ, మీ ముందు మెల్లగా పక్కకి తిరిగిపోతున్న కారు, ఇలాంటి చోట్ల అది ఎక్కువ తికమకపడుతుంది. ఆ తిరిగే కారు సంగతే చూడండి, ఇంకో సెకనులో అది రోడ్డు ఖాళీ చేసి వెళ్ళిపోతుందని మీకు దాని ఇండికేటరు చూసి, చక్రం చూసి, ఆ డ్రైవరు వాలకం చూసి తెలిసిపోతుంది. దానికి మాత్రం దూరం తరిగిపోవడం ఒక్కటే కనిపిస్తుంది, బ్రేకు వేసేస్తుంది.

సరే, ఇప్పుడు రెండో వైపు కూడా చూడాలి కదా. అమెరికాలోనే ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే ఐఐహెచ్‌ఎస్ అనే భద్రతా సంస్థ నిజంగా జరిగిన యాక్సిడెంట్ల రికార్డులు తీసి పోల్చింది. ఆటోమేటిక్ బ్రేకు ఉన్న కార్లు ముందు బండిని వెనకనుంచి గుద్దడం దాదాపు సగానికి తగ్గింది. హెచ్చరిక ఇచ్చి ఊరుకునే కార్లలో తగ్గింది 27 శాతమే. అంటే బీప్ విని మనం కాలు తీసి బ్రేకు మీద వేసేలోపే చాలా జరిగిపోతోందన్నమాట. 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకి బండి 16 మీటర్లకు పైనే వెళ్ళిపోతుంది, మీ కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంటుంది. మనకి చిక్కెక్కడొస్తుందంటే గుద్దకుండా ఆగిన రోజు సాయంత్రానికే మర్చిపోతాం, ఉత్తపుణ్యానికి ఆగిన రోజు మాత్రం పదిమందికి చెప్పుకుంటాం, అందుకే దాని చెడ్డపేరు పెరిగినంతగా మంచిపేరు పెరగదు.

నా సలహా అడిగారు కాబట్టి చెప్తున్నా, పూర్తిగా ఆఫ్ చేయకండి. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూడండి, చాలా కార్లలో ముందుగా, మామూలుగా, ఆలస్యంగా అని హెచ్చరిక ఎప్పుడు రావాలో ఎంచుకునే వీలుంటుంది, ఆలస్యంగా పెట్టుకోండి. కొన్ని కార్లలో దీనివల్ల హెచ్చరిక మాత్రమే మారుతుంది, బ్రేకు మారదు, అది మాన్యువల్లో చూసుకోండి. ఇంకోటి, అది తప్పుగా బ్రేకు వేస్తే చాలా కార్లలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వదిలేస్తుంది, స్టీరింగ్ గట్టిగా తిప్పినా వదిలేసేవి ఉన్నాయి, మీ బండిలో ఎలాగో ఆ మాన్యువల్లోనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తేనే సగం భయం పోతుంది. జరిగిన చోటు, టైము, వేగం, ఎండ ఎటునుంచి ఉంది, ఇవి ఒక కాగితం మీద రాసి సర్వీస్ సెంటర్లో ఇవ్వండి. ఊరికే "బ్రేకు పడుతోంది" అంటే వాళ్ళు ఒక రౌండు వేసి "ఏం లేదు సార్" అని తాళాలు చేతిలో పెడతారు, కాగితం ఇస్తే కొత్త సాఫ్ట్‌వేర్ ఏమైనా వచ్చిందా అని చూడక తప్పదు.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్భై దాటాయి, ఇప్పటికీ ఆయనే నడుపుతారు. కొత్త కారు లైను దాటితే బీప్, స్పీడు దాటితే బీప్, ముందు బండి దగ్గరైతే బీప్. "నాకు డ్రైవింగ్ నేర్పుతుందా ఇది?" అని అన్నీ కలిపి కట్టేశారు. ఆయనకి నచ్చచెప్పడం ఎలా?

జవాబు: అమ్మా, నాన్నగారి కోపంలో అర్థముంది. నాన్నా పులి కథలోలాగా ఊరికే అరిచేదాన్ని ఎవరు నమ్ముతారు చెప్పు. నాకు ఈ కంపెనీల మీద ఉన్న అసలు కోపం కూడా ఇదే, ప్రాణం కాపాడే బ్రేకునీ, గీత తగిలిందని స్టీరింగ్ వణికించే సతాయింపునీ, స్పీడు దాటావని గోల పెట్టే గంటనీ ఒకే మూట కట్టి ఒకే పేరుతో అమ్మారు, చిల్లర బీప్‌లకి విసిగిపోయిన మనిషి మూట మొత్తం విసిరేస్తున్నాడు. యూరప్‌లో అయితే 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో స్పీడు హెచ్చరిక ఉండి తీరాలి, ఆఫ్ చేసినా బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్ళీ ఆన్ అయి కూర్చుంటుంది. మంచి ఉద్దేశమే, కాదనను, కానీ బోర్డు తప్పుగా చదివి అరిచే గంట రోజూ వింటే మనిషికి మిగతావాటి మీద కూడా నమ్మకం పోతుంది.

అందుకని నువ్వు ఆయనతో వాదించకు, శాతాలు చెప్పకు. బండి ఆగి ఉన్నప్పుడు పక్కన కూర్చుని మెనూ తెరిచి ఒక్కొక్కటీ ఆయన్నే అడుగు, ఇది కావాలా వద్దా అని. లేన్ అసిస్ట్ వద్దంటే తీసేయండి, స్పీడు బీప్ తీసే వీలుంటే తీసేయండి, సౌండు తగ్గించగలిగితే తగ్గించండి. ఎమర్జెన్సీ బ్రేకు, పక్కనుంచి వచ్చే బండిని చూపించే బ్లైండ్ స్పాట్ లైటు, ఈ రెండూ మాత్రం ఉంచమను. మెడ తిప్పడం కష్టమయ్యే వయసులో ఆ లైటు విలువ ఆయనకే తెలుస్తుంది.

ఒక మాట గుర్తు చేయి, ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, అది వచ్చిన కొత్తలో కూడా ఇంతే. 1978లో బాష్ చేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాసులో వచ్చింది, తర్వాత మిగతా కార్లకి పాకింది. గట్టిగా తొక్కగానే పెడల్ కాలికింద గడగడా కొట్టుకునేది, ఏదో విరిగిపోతోందనుకుని కాలు తీసేసినవాళ్ళు ఎంతమందో. తీస్తే ఆగాల్సిన బండి ఆగదు. ఇప్పుడు దాని గురించి మాట్లాడేవాళ్ళే లేరు.

ప్రశ్న: అన్నా, నేను లారీ నడుపుత. కొత్త బండిల ముందు రాడార్ ఉంది. నేను గ్యాప్ ఇడిస్తే ఎవడో ఒకడు కార్ తెచ్చి అండ్ల దూరుస్తడు, బండి దబ్బున బ్రేక్ కొడ్తది, ఎనక లోడంతా కదుల్తది. సాయంత్రం ఓనర్ ఫోన్ జేసి "ఇన్నిసార్లు హార్ష్ బ్రేకింగ్ ఏంది" అని నన్నే తిడ్తడు. కొట్టింది నేను గాదు, తిట్లు నాకు. ఇట్లయితే ఎట్ల నమ్మాలె?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో రెండు గొడవలున్నాయి, వేరువేరుగా చూద్దాం. ఓనర్ తిట్టేది టెక్నాలజీ తప్పు కాదు, రిపోర్టు చదవడం రాకపోవడం. చాలా ట్రాకింగ్ సిస్టమ్‌లలో బ్రేకు డ్రైవరు తొక్కాడా, బండి వేసిందా అనేది విడిగా తెలుసుకునే వీలుంటుంది, ముందు కెమెరా ఉంటే ఆ కారు దూరిన వీడియో కూడా ఉంటుంది. ఓనర్‌ని అది తెరిచి చూడమను. చూడకుండా జీతంలో కోస్తానంటే అప్పుడు నువ్వు కోప్పడు, నేనూ నీ పక్కనే.

రెండోది, నమ్మకం. పెద్ద బండ్లకి ఈ బ్రేకు కార్లకన్నా ముందే తప్పనిసరి చేశారు, యూరప్‌లో 2015 నవంబరు నుంచి కొత్త హెవీ ట్రక్కుల్లో చాలావాటికి ఉండాల్సిందే. కానీ ఆ మొదటి రూల్స్ ఎంత చిన్నవో చూడు, 80 కిలోమీటర్ల వేగంలో వెళ్తుంటే ముందు ఆగి ఉన్న బండి వస్తే వేగం 10 కిలోమీటర్లు తగ్గిస్తే పాస్, తర్వాత దాన్ని 20 చేశారు. అంటే ఆపాలని కాదు, తగ్గించాలని. తక్కువనుకోకు, 80 నుంచి 60కి దిగితే గుద్దే శక్తి సగానికి దగ్గరగా పడిపోతుంది, క్యాబిన్‌లో ఉన్న నీ కాళ్ళు మిగలడానికి అది చాలా తేడా. ఇప్పటి బండ్లు ఇంతకన్నా బాగా ఆపుతాయి గానీ, లోడు ఎంత, టైర్లు ఎలా ఉన్నాయి, రోడ్డు తడిసిందా అనేవాటి మీద ఎంత దూరంలో ఆగుతుందో మారిపోతుంది, రాడార్ ఉంది కదా అని బరువు తగ్గదు కదా.

కారు దూరినప్పుడు నువ్వే ముందు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే చాలాసార్లు దానికి గట్టిగా బ్రేకు కొట్టే పని ఉండదు. మళ్ళీ గ్యాప్ ఇవ్వాలా అంటావు, ఇవ్వాలి, ఇంకోడు దూరతాడు, అవును, చిరాకే. లోడు మాత్రం బెల్టులు బిగించి కట్టు, నువ్వే సడన్‌గా తొక్కినా కదిలేదే అది.

ప్రశ్న: అందరూ తిడుతున్నారు గానీ నాకైతే ఇది వరం. హైవే మీద అడాప్టివ్ క్రూయిజ్ (ముందు బండిని బట్టి వేగం తనే సర్దుకునేది), లేన్ అసిస్ట్ పెట్టేసి ఫోన్లో మెసేజ్‌లు చూసుకుంటా, బండి దానంతటదే పోతుంది. ఇంకా భయపడేవాళ్ళకి మీరు ధైర్యం చెప్పాలి.

జవాబు: ధైర్యం వాళ్ళకి చెప్తాను, మీకు మాత్రం భయం చెప్పాలి. ఇన్ని ఉత్తరాల్లో నన్ను నిజంగా కంగారుపెట్టింది మీది ఒక్కటే.

మీ బండిలో ఉన్నది లెవెల్ 2, అంటే స్టీరింగూ వేగమూ అది చూస్తుంది, రోడ్డు మీరు చూడాలి. వేగంగా వెళ్తున్నప్పుడు కదలకుండా ఆగి ఉన్న వాటిని చాలా సిస్టమ్‌లు సరిగ్గా పట్టుకోలేవు, ఎందుకంటే రోడ్డు పక్కన బోర్డులు, రెయిలింగులు, వంతెనలు అన్నీ ఆగి ఉన్నవే, ప్రతిదానికీ బ్రేకు వేస్తే పైన మొదటి ఉత్తరం రాసినాయన లాంటివాళ్ళు లక్షల్లో తయారవుతారు, అందుకని రాడార్ అలాంటివాటిని చాలావరకు వదిలేసేలా చేస్తారు. ఇప్పుడు మీ ముందు కారు సడన్‌గా లేను మారింది, దాని ముందు ఆగిపోయిన లారీ ఉంది. మీ చేతిలో ఫోన్ ఉంది.

రాత్రి సంగతి ఇంకా చెప్పాలి. నడిచేవాళ్ళని గుర్తుపట్టే బ్రేకు ఉన్న కార్లలో మనుషుల్ని గుద్దడం 27 శాతం తగ్గిందని అదే ఐఐహెచ్‌ఎస్ చెప్పింది, కానీ వీధి దీపాలు లేని చీకట్లో మాత్రం తేడా ఏమీ కనపడలేదని కూడా అదే చెప్పింది. అమెరికా ప్రభుత్వం 2024లో తెచ్చిన రూల్ ప్రకారం 2029 సెప్టెంబరు నుంచి కొత్త కార్లు చీకట్లో కూడా మనిషిని గుర్తుపట్టి ఆగాలి. అలా రూల్ పెట్టాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి.

ఎక్కువ నమ్మడం కొత్త రోగం కూడా కాదు. 1980లలో మ్యూనిక్‌లో కొన్ని టాక్సీలకి ఏబీఎస్ ఉంచి, కొన్నిటికి లేకుండా పోల్చి చూస్తే యాక్సిడెంట్లు ఏమంత తగ్గలేదు, ఉన్నవాళ్ళు బ్రేకు ఉందిలే అని ఇంకా దూకుడుగా నడిపారు. మీ ఫోన్ వెనక సీట్లో పెట్టండి.

ప్రశ్న: రాయి తగిలి ముందు అద్దం పగిలితే మార్పించాను. అప్పట్నుంచి లేన్ అసిస్ట్ ఒక పక్కకి లాగుతోంది, బ్రేకు హెచ్చరిక అనవసరంగా వస్తోంది. కెమెరా పోయిందా?

జవాబు: పోయి ఉండదు, కేలిబ్రేషన్, అంటే కెమెరా చూపు మళ్ళీ సరిగ్గా సరిచేయడం, చేసి ఉండరు. కెమెరా ఆ అద్దం వెనకే ఉంటుంది కాబట్టి అద్దం తీసి పెట్టాక దాని చూపు రవ్వంత పక్కకి జరిగినా దూరంలో అది మీటర్ల తేడా అవుతుంది. కొన్ని బండ్లకి ఎదురుగా గళ్ళ బోర్డు పెట్టి చేస్తారు, కొన్నిటికి మిషన్ తగిలించి రోడ్డు మీద నడుపుతూ చేస్తారు, కొన్నిటికి రెండూ కావాలి. బిల్లులో కేలిబ్రేషన్ అనే మాట ఉందో లేదో చూడండి, లేకపోతే మళ్ళీ వెళ్ళి చేయించుకోండి, అప్పటిదాకా లేన్ అసిస్ట్ ఆపేయండి. బంపర్ విప్పి బిగించినవాళ్ళూ రాడార్ సంగతి ఇలాగే అడగాలి, అడగకపోతే చెప్పే షాపులు తక్కువ.

ప్రశ్న: ఖాళీ స్థలంలో అట్టపెట్టె అడ్డం పెట్టి నా బండి ఆగుతుందో లేదో చూద్దామనుకుంటున్నాం, ఫ్రెండ్స్ అందరం. ఎంత స్పీడులో వెళ్ళాలి?

జవాబు: వెళ్ళకండి. సిస్టమ్ వెతికేది బండి ఆకారం, మనిషి ఆకారం, అట్టపెట్టె దానికి లెక్కలోకి రాకపోవచ్చు. పెట్టె ఎగిరిపోతుంది, మీరు "ఇది పనిచేయదు" అని వీడియో పెడతారు, ఇంకో నలుగురు ఆఫ్ చేసుకుంటారు. కొత్త కార్ల భద్రత పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ లాంటి సంస్థలు దీనికోసం గుద్దినా దెబ్బ తగలని మెత్తటి నకిలీ కార్లు, కాళ్ళు కదిపే బొమ్మ మనుషులు వాడతాయి, మీ మోడల్‌కి అలాంటి టెస్ట్ రిపోర్ట్ ఉంటే అందులో ఎంత వేగంలో ఆగిందో, ఎక్కడ ఆగలేదో ఉంటుంది. పెట్టె బదులు మీ ఫ్రెండ్‌ని నిలబెడదామనే ఆలోచన కూడా వచ్చి ఉంటుంది కదా, అది అసలే వద్దు.