బీస్ నీస్‌లో తేనె అడుగునే ఉండిపోతుంటే

"బీస్ నీస్ కలిపిన ప్రతిసారీ మొదటి గుక్క పుల్లగా, చివరి గుక్క పాకంలా ఉంటోంది, ఎందుకు?" అని ఒకరు అడిగారు. జిన్ అనే మద్యంలో నిమ్మరసం, తేనె కలిపి చేసే కాక్‌టెయిల్ ఇది. నేనూ అక్కడే బోర్లా పడ్డానండీ.

మొదటిసారి షేకర్‌లో ఐసు వేసి, జిన్, నిమ్మరసం పోసి, పైనుంచి రెండు స్పూన్ల తేనె జార్చాను. చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాను. మా బావమరిది ఒక్క గుక్క తాగి కళ్లు మూసేసుకున్నాడు. మూత తీసి చూస్తే తేనంతా ఐసుముక్కలకి జీళ్లపాకంలా పట్టుకుని ఉంది. చల్లదనానికి తేనె బిగుసుకుపోతుంది, ఇక ఎంత ఊపినా కలవదు.

విరుగుడు మనింట్లోనే ఉంది. బరువు తగ్గాలని పొద్దున్నే తాగే తేనె, నిమ్మరసం గుర్తుందా? అక్కడ గోరువెచ్చని నీళ్లే ఎందుకు వాడతాం? ఇక్కడా అంతే. రెండు వంతుల తేనెకి ఒక వంతు వేడినీళ్లు పోసి కలిపేయండి, పొయ్యి మీద పెట్టక్కర్లేదు. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం పైనే ఆగుతుంది.

తర్వాత 60 మి.లీ. జిన్, 20 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. ఈ తేనెనీళ్లు. షేకర్ బయట చెమట పట్టేదాకా ఊపి వడకట్టండి. ఒక్క మాట: ఈ కొలత అమెరికాలో దొరికే పెద్ద పసుపు నిమ్మకాయలది. మన చిన్న నిమ్మకాయ పులుపు వేరు, 15తో మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోండి.

తేనె విషయంలో ఇంకో దెబ్బ తిన్నాను. అమ్మ పంపిన నల్లటి అడవి తేనె వేస్తే జిన్ వాసనే లేకుండా పోయింది. లేతరంగు తేనె చాలు.

దీన్ని కనిపెట్టింది పారిస్ రిట్జ్ హోటల్ బార్‌లో పనిచేసిన ఫ్రాంక్ మీయర్ అని ఎక్కువమంది చెబుతారు. ఆ పేరు మాత్రం 1920ల నాటి అమెరికా యాసలోది, 'అదుర్స్' అని అర్థం. అక్కడ 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. దొంగచాటు జిన్ కంపు కప్పడానికే తేనె, నిమ్మ దట్టించేవాళ్లని అంటారు. మీ దగ్గరున్నది మంచి జిన్ అయితే కప్పడానికేమీ లేదు కాబట్టి తేనెనీళ్లు 15కి తగ్గించి చూడండి, నాకైతే అదే నచ్చుతుంది.