ఒక్కపూట నడకకు చిన్న పౌచ్‌లో ఏమేం పెట్టుకోవాలి?

"పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే నడకకు బ్యాగులో ఎలాగూ అన్నీ ఉంటాయి కదా, మళ్ళీ విడిగా చిన్న పౌచ్ ఎందుకు? అందులో ఏమేం ఉండాలి?" అని అడిగారు. ఏమేం ఉండాలో చెప్తాను. దానికంటే ముందు ఆ పౌచ్ ఎక్కడ ఉండాలో చెప్పాలి. నడుముకి ఉండాలి. బ్యాగు పైజేబులో కూడా వద్దు. బ్యాగు దింపి పక్కన పెట్టినా, అది చేజారి లోయలో పడినా, పౌచ్ మాత్రం మీ ఒంటి మీదే ఉండాలి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట నేనూ మా బావమరిదీ ఒక కొండ ఎక్కాం. ఎక్కడానికి రెండున్నర గంటలు, దిగడానికి రెండు గంటలు అని లెక్క వేసుకున్నాం. పైన గాలి హాయిగా ఉంది, కబుర్లలో పడి ఆలస్యం చేశాం. చెయ్యి బారుగా చాచి, అరచేతిని అడ్డంగా పెట్టి చూస్తే, సూర్యుడికీ నేల అంచుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడితే అన్ని పావుగంటల వెలుగు మిగిలినట్టు. సుమారు లెక్కే అనుకోండి, కానీ ఎప్పుడు లేవాలో చెప్పడానికి చాలు. ఆ రోజు నేను చెయ్యి చాచి చూడలేదు.

సగం పైన దిగేశాక, సన్నరాళ్ళు కాలి కింద జారే ఏటవాలు ఒకటి వచ్చింది. వెనక నుంచి "బావా!" అని ఒక్క కేక. తిరిగి చూసేసరికి వాడు దారికి పదడుగుల కింద పొదల్లో ఉన్నాడు. భుజం నుంచి ఊడిన బ్యాగు ఇంకా కిందికి దొర్లిపోతోంది. క్రేప్ బ్యాండేజీ, మందులు, మంచి టార్చి, అన్నీ అందులోనే. నల్ల బ్యాగు. చీకటి పడే వేళకి రాళ్ళూ నల్లవే, పొదలూ నల్లవే. దాన్ని వెతకడం మా వల్ల కాలేదు.

నా బ్యాగులో తలకి కట్టుకునే లైటు, హెడ్‌ల్యాంప్, ఉంది కదా అని చెయ్యి పెట్టాను. నీళ్ళసీసా, తువ్వాలు, చొక్కా, అన్నీ బయట పడేస్తే గానీ అడుగున దొరకలేదు. చేతికి కాస్త వెచ్చగా తగిలింది. నొక్కితే సన్నగా ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. పొద్దున సీసా కుక్కేటప్పుడు బటన్ నొక్కుకుపోయి ఉంటుంది, రోజంతా బ్యాగు లోపలే వెలిగింది పాపం.

ఇక మిగిలింది ఫోన్. "ఫోన్లో టార్చి ఉండగా వేరే లైటెందుకు" అనేవాళ్ళు ఇక్కడ చాలామంది కనిపిస్తుంటారు. వాళ్ళకి నా మనవి ఒక్కటే. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఒకే చేత్తో జారే ఏటవాలు ఒకసారి దిగి చూడండి. నేను ఫోన్‌ని పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులూ నేలకి ఆనించి దిగాను. ఆ కవరు రుచి ఇప్పటికీ గుర్తుంది. పైగా సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూనే ఉంటుంది, బ్యాటరీ అలాగే కరిగిపోతుంది. పొద్దున నిండుగా ఉన్న ఫోన్ అప్పటికి 22 శాతానికి వచ్చేసింది. కొండ మొదట్లోనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఉంటే సగానికి పైనే ఉండేది.

వాడి చీలమండ అప్పటికే ఉబ్బుతోంది. షూ విప్పలేదు, లేసులు కాస్త వదులు చేశానంతే. విప్పితే ఆ వాపుకి మళ్ళీ ఎక్కదు, మరి వట్టికాలితో ఎలా దిగుతాడు? తువ్వాలుని పొడుగ్గా చింపి, షూ మీదుగానే ఎనిమిది అంకెలా చుట్టాను. వాడు నొప్పికి పళ్ళు బిగబట్టి, "బావా, నీ బ్యాగు ఛాతీ బెల్టు మీద విజిల్ ఉంది చూడు" అన్నాడు. రెండేళ్ళుగా మోస్తున్న బ్యాగు, బకిల్‌లోనే విజిల్ ఉందని నాకు తెలియదు. మీ బ్యాగుకీ ఉందేమో ఇప్పుడే చూసుకోండి.

ఊదాను. ఊపిరి అందనంత వరకూ ఆపకుండా ఊదాను. తల తిరిగి ఆగాను. అప్పుడు వినిపించింది, కింద నుంచి ఎవరో అరుస్తున్నారు. వాళ్ళు చాలాసేపటి నుంచే అరుస్తున్నారట. నా విజిల్ మోతలో నాకే వినపడలేదు.

కొండల్లో సాయం కోరడానికి ఒక పద్ధతి ఉంది. నిమిషంలో 6 సార్లు ఊదాలి, తర్వాత ఒక నిమిషం పూర్తిగా ఆగాలి, మళ్ళీ 6 సార్లు. విన్నవాళ్ళు నిమిషానికి 3 సార్లు ఊది జవాబివ్వాలి. ఇది ఆల్ప్స్ పర్వతాల వైపు నుంచి వచ్చిన సంకేతం. ఉత్తర అమెరికాలో మాత్రం 3 సార్లు ఊదితేనే ఆపద అని అర్థం. 6 గుర్తుండకపోయినా పరవాలేదు, ఆగడం మాత్రం మరిచిపోకండి. జవాబు వినపడేది ఆగినప్పుడే. విజిల్ లోపల గుండు లేనిది కొనుక్కోండి, తడిసినా గడ్డకట్టినా మొరాయించదు.

నలుగురు వచ్చారు. ముందు నడుస్తున్నావిడకి తలమీద లైటు, నడుముకి నారింజరంగు పౌచ్. "కదలకు తమ్ముడూ, నేను చూస్తాను" అంటూ వాడి పక్కన కూర్చున్నారు. వాడి ముఖం వైపే చూస్తూ, మాట్లాడుతూనే, పౌచ్ వైపు తల దించకుండా జిప్ లాగి క్రేప్ బ్యాండేజీ బయటికి తీశారు. ఒక్కసారికే చేతికొచ్చింది. నేను హెడ్‌ల్యాంప్ కోసం బ్యాగంతా బోర్లించినవాణ్ణి, ఆ చెయ్యి చూస్తూ ఉండిపోయాను. మేం కింద రోడ్డు చేరేసరికి రాత్రి పది దాటింది.

ఇక నా పౌచ్ సంగతి. ఇదీ నారింజరంగుదే, నేలమీద పడినా కనిపించాలని. కొట్లలో మంచి పౌచ్ అని అడిగితే నలుపు, ముదురాకుపచ్చ తప్ప చూపించరు, అదేం ఫ్యాషనో నాకర్థం కాదు. విజిల్ లోపల లేదు, జిప్‌కి దారంతో బయటే వేలాడుతుంది. అన్నిటికన్నా పైన హెడ్‌ల్యాంప్. నడక మొదలయ్యేదాకా అందులో ఒక బ్యాటరీని తిరగేసి పెడతాను, ఇక బటన్ ఎంత నొక్కుకుపోయినా వెలగదు. బటన్‌కి లాక్ ఉన్నవి కూడా వస్తున్నాయి. విడి బ్యాటరీలు జిప్‌లాక్ కవర్లో. దాని కింద క్రేప్ బ్యాండేజీ, నాలుగు పిన్నీసులు. ఇంకా మడమ దగ్గర చురుక్కుమనగానే అంటించడానికి గట్టి బట్ట టేపు, పెన్సిల్‌కి చుట్టి ఉంటుంది. బొబ్బ లేచాక అంటిస్తే పెద్దగా లాభం లేదు, చురుక్కుమన్నప్పుడే ఆగాలి.

వెండిరంగు రేకు దుప్పటి ఒకటి ఉంటుంది. 1960లలో నాసా అంతరిక్ష పనుల కోసం తయారైన పదార్థం అది, మడిస్తే గుప్పిట్లో పడుతుంది. చెమటతో తడిసి కదలకుండా కూర్చున్న మనిషి ఎంత తొందరగా వణికిపోతాడో ఆ రాత్రి చూశాను, అదేమీ చలికాలం కాదు. అయితే ఆ దుప్పటి ఒంటి వేడిని తిప్పికొడుతుందే తప్ప, కింద నేల లాగేసే వేడిని ఆపలేదు. బ్యాగు మీద కూర్చోబెట్టి కప్పాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. లీటరు నీళ్ళలో కలపాల్సిన ప్యాకెట్‌ని అరలీటరు సీసాలో కుమ్మరించి తాగేవాళ్ళని కళ్ళారా చూశాను. అలా చేస్తే ఉప్పు మోతాదు రెట్టింపవుతుంది, మేలు జరక్కపోగా కీడు. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంతే. మాత్రలు మీరు ఇదివరకు వేసుకుని ఒంటికి పడినవే, పేరు కనిపించేలా స్ట్రిప్‌తో సహా. ఒక చీటీ కూడా పెట్టుకోండి. మీ పేరు, బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇంట్లోవాళ్ళ ఇద్దరి నంబర్లు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడిస్తే అలుక్కుపోతుంది. ఫోన్ ఆరిపోతే మనకెవరికీ ఒక్క నంబరూ గుర్తుండదు. అత్యవసర సాయం నంబరు 112 మాత్రం గుర్తుంచుకోండి, చాలా దేశాల్లో పనిచేస్తుంది. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ అందుతుంటే దాని మీదుగా వెళ్ళే అవకాశం ఉంది.

నిప్పు సామాను నేను పెట్టను. ఇక్కడ చాలామంది ఒప్పుకోరని తెలుసు. ఒక్కపూట నడకకి వెళ్ళినవాడు టెన్షన్‌లో, చీకట్లో, ఎండుటాకుల మధ్య మంట పెడితే ఒక కాలి బెణుకు కాస్తా కొండంతటికీ ఆపద అవుతుంది. పాముకాటుకని అమ్మే పీల్చే పంపులూ వద్దు. కోయకూడదు, పీల్చకూడదు, బిగించి కట్టకూడదు. కరిచిన చోటు కదలనివ్వకుండా ఆస్పత్రికి చేర్చడమే పని. వంద వస్తువులని రాసి అమ్మే రెడీమేడ్ కిట్ ఒకటి కొని లెక్కపెట్టాను, సగానికి పైగా గోరంత ప్లాస్టర్లే. వేలు తెగితే తప్ప ఎందుకూ పనికిరావు.

అమెరికాలోని సియాటిల్‌లో మౌంటెనీర్స్ అనే కొండలెక్కేవాళ్ళ క్లబ్బువాళ్ళు 1930లలోనే తప్పనిసరి వస్తువులు పది అని జాబితా తయారుచేశారు. దాని వెనకున్న ప్రశ్నలు రెండే. ప్రమాదం జరిగితే తట్టుకోగలరా, ఒక రాత్రి బయట క్షేమంగా గడపగలరా. ఆ జాబితా ఇప్పటి రూపంలో నీళ్ళు, తిండి, అదనపు బట్టలు కూడా ఉన్నాయి, అవి నడుముకి కట్టుకునే పౌచ్‌లో పట్టవు. కాబట్టి పౌచ్ ఉంది కదా అని బ్యాగు మానేయకండి.

సర్దుకున్నాక ఒక పని చెయ్యండి. రాత్రి గదిలో లైటార్పి, పౌచ్ కట్టుకుని, ఒక్క ఎడమచేత్తోనే హెడ్‌ల్యాంప్ తీసి వెలిగించండి. పడినప్పుడు దెబ్బ కుడిచేతికే తగలొచ్చు కదా. మొదటిసారి నాకు దాదాపు నిమిషం పట్టింది. జిప్‌కి దారం ముడి వేశాను, బ్యాండేజీని కిందికి జరిపాను. ఇప్పుడు ఐదారు సెకన్లు చాలు. మా బావమరిది నాకంటే వేగంగా తీస్తాడు.

కొండ దిగాక ఆ నారింజ పౌచ్ ఆవిడకి బ్యాండేజీ తిరిగివ్వబోతే తీసుకోలేదు. ఉతికి నా పౌచ్‌లోనే పెట్టుకున్నాను. అది సాగి వదులైపోయింది, ఇక పట్టు నిలవదు. ఈ ఆదివారం కొత్తది తెచ్చి మార్చాలి.