నాయనమ్మ చేతికి ముందు పీచు ఇవ్వు

బుజ్జీ,

పోయిన పండక్కి నువ్వు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, తాళ్ల ఫ్యాక్టరీ రోజుల గురించి చెప్పమని నాయనమ్మ ఎదురుగా కూర్చున్నావు. "ఏముందమ్మా, తాళ్లు పేనేవాళ్లం" అనేసి మా అమ్మ వంటింట్లోకి పోయింది. అడిగితే ఆమె దగ్గర మాట రాదు, చేతికి పని తగిలితే వస్తుంది.

ఈసారి బరంపురం వచ్చేటప్పుడు కవిటి వైపు ఏ తోటలోనైనా రెండు గుప్పెళ్ల కొబ్బరి పీచు అడిగి తీసుకురా. కాస్త తడిపి ఆమె చేతిలో పెట్టి, తాడు పేనడం నేర్పమను. నీ తాడు వదలగానే విడిపోతుంది, ఆమెది విడిపోదు. ఎందుకని అడుగు. పోగుకి ఒక వైపు పురి పెడితే, పేటలు కలిపేటప్పుడు రెండో వైపు తిప్పాలి. పోగు పురి విప్పుకోవాలని చూస్తే పేట బిగుస్తుంది. అక్కడ మొదలైతే ఇక ఆగదు. నెలల తరబడి నానిన కొబ్బరి డొక్కల కంపు, రాట్నం తిప్పే పిల్లాడు (నేనే), నడుముకి పీచు కట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ పోగు తీసే ఆడవాళ్లు, అన్నీ వస్తాయి. షెడ్డు చివరి గోడ వీపుకి తగిలితేనే ఆగేవాళ్లు.

ఏ సంవత్సరం అని అడగకు. ఆమెకు తుఫాన్లే లెక్క. పైలిన్ అంటే 2013. 1999 అయితే ఏ తుఫానో తేల్చుకో, ఆ అక్టోబరులో రెండొచ్చాయి. ముందుది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, పెద్దది పారాదీప్ వైపు. వాళ్ల అత్తగారి కబురు చెబుతూ "బరంపురం మద్రాసులో ఉన్నప్పుడు" అంటే మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు, మన ఊరు ఒడిశాలో కలిసిన 1936కు ముందు సంగతి.

కూలి మాట వస్తే ఓపిక పట్టు. తడపకపోతే పీచు లేస్తుంది, తడిపితే తూకంలో తడి ఉందని యజమాని డబ్బు కోసేవాడు. అది మూడుసార్లు మూడు రకాలుగా చెబుతుంది. మూడూ రాసుకో. ఆయన పేరు మాత్రం వద్దు, మనవలు మన వీధిలోనే ఉన్నారు.

మధ్యలో ఒడియాలో తాడుని దవుడి అంటుంది, కొబ్బరికాయని నడియా అంటుంది. తెలుగు చేయకు, అలాగే ఉంచు. దగ్గొస్తే ఆపేయి, ఆ పీచు దుమ్ము ఇంకా వదల్లేదు.

ఆమె పేనిన మూర తాడు పారేయకు. తేదీ రాసిన చీటీ కట్టి దాచు. నాకూ ఒక మూర తీసి ఉంచు.

పెదనాన్న