ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు కదా, మరి అది కేంద్రకపూర్వ కణమా (అసలు కేంద్రకమే ఏర్పడని రకం)?

కాదు, నిజకేంద్రక కణమే (కేంద్రకం ఏర్పడే రకం). ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు దానికి కేంద్రకం ఉంటుంది. పక్వమయ్యే దశలో దాన్ని బయటికి నెట్టేస్తుంది. తర్వాత శక్తినిచ్చే మైటోకాండ్రియా, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములూ పోతాయి. ఇక కొత్త ప్రోటీన్లు చేసుకోలేదు, పాడైనవాటిని మార్చుకోలేదు. అందుకే ఆయుష్షు సుమారు 120 రోజులే. (కోడి ఎర్ర రక్తకణాల్లో మాత్రం కేంద్రకం చివరిదాకా ఉంటుంది.)

కేంద్రకపూర్వ కణమంటే బాక్టీరియా లాంటిది. ఈ.కోలై అనే బాక్టీరియా పొడవు దాదాపు 2 మైక్రోమీటర్లు. దాని డీఎన్ఏ చుట్టూ పొర ఉండదు, కణద్రవ్యంలోనే ఉంటుంది. అలాగని ‘కణాంగాలేవీ (కణంలో పనులు చేసే భాగాలు) లేవు’ అని రాయకండి, చాలామంది తప్పేది ఇక్కడే. లేనివి మైటోకాండ్రియా, గాల్జీ లాంటి పొర ఉన్న కణాంగాలు. రైబోజోములు ఉంటాయి, కాకపోతే 70ఎస్ రకం (‘ఎస్’ అంటే వేగంగా తిప్పినప్పుడు అవి అడుగుకు దిగే వేగానికి కొలత); మన కణద్రవ్యంలోవి 80ఎస్. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు బాక్టీరియా రైబోజోమునే పట్టుకోగలగడం ఈ తేడా వల్లే.